మదనపల్లె చేరిన ఐర్లండ్ బేటీ

మన ఖాన్‌దాన్ షజరాలు ఒకసారి తెరిచి చూడండి. పరదాదా పేరుంటుంది, ఆయన అబ్బా పేరుంటుంది, తమ్ముళ్ల పేర్లూ ఉంటాయి. పరదాదీ మాత్రం ‘ఫలానా వారి బీవీ’ దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడో పుట్టి మన సీమకొచ్చిన ఒక ఔరత్ దాస్తాన్ చెబుతాను, అందుకే.

ఆమె మైకా పేరు మార్గరెట్ గిలెస్పీ. 1878 నవంబరు 7న ఐర్లండ్‌లో బాయిల్ అనే చిన్న ఖస్బాలో పుట్టింది. వాలిద్ అక్కడి కచేరీలో గుమాస్తా. ప్రొటెస్టెంట్ ఘరానా, ఇంటి నిండా పిల్లలు, అందరికీ పెద్దది ఈమె. మౌసిఖీ అంటే ప్రాణం. డబ్లిన్‌లో సంగీతం చదివి డిగ్రీ తీసుకుంది. 1903లో బెల్‌ఫాస్ట్ షాయర్ జేమ్స్ కజిన్స్‌తో షాదీ అయ్యింది. అప్పట్నుంచి లోకానికి ఆమె ‘మిసెస్ కజిన్స్’.

1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐర్లండ్ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం అంజుమన్ పెట్టింది. ఆ జిద్దోజెహద్‌లో 1910లో లండన్ హాలోవే జైలుకూ, 1913లో టల్లమోర్ జైలుకూ వెళ్లింది. 1915లో మియాబీవీ ఇద్దరూ హిందూస్తాన్ వచ్చారు. మన గూడూరు నుంచి తిరుపతి, పీలేరు మీదుగా పోతే వచ్చే మదనపల్లె కాలేజీలో జేమ్స్ పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడికి మెహమాన్‌గా వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి తర్జుమా చేశాడు. ఆయన పాడుతుంటే విని స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్టే.

అంతకుముందే, 1917 డిసెంబరులో మద్రాసుకొచ్చిన మాంటేగు దగ్గరికి ఔరత్‌ల వఫ్ద్ ఒకటి వెళ్లింది. దాన్ని కూడగట్టింది మార్గరెట్, ముందు నడిచింది సరోజినీ నాయుడు. అందులో బేగం హస్రత్ మొహానీ కూడా ఉన్నారు. ‘అవామ్’ అన్నప్పుడు మమ్మల్నీ లెక్కలోకి తీసుకోండి అన్నదే వాళ్ల ముతాలబా. 1921లో మద్రాసు ఇలాకా ఆడవాళ్లకు ఓటిచ్చింది, ఆస్తి ఉన్నవాళ్లకే అయినా సరే. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలవడానికి ఆమే పూనుకుంది. మరుసటి ఏడాది ఢిల్లీ జల్సాకు సదారత్ వహించింది భోపాల్ బేగం సుల్తాన్ జహాఁ.

1932లో అంగ్రేజ్ సర్కారు ఆర్డినెన్సులకు ఖిలాఫ్‌గా తఖ్రీర్ చేసినందుకు మార్గరెట్‌ను వేలూరు జైల్లో పెట్టారు. 1954 మార్చి 11న ఇంతఖాల్ అయ్యింది.

ఆమెకు ఔలాద్ లేదు. షజరా గీస్తే ఆమె పేరు కింద ఇంకో గీత రాదు. అయినా ఆమె హయాత్ మనకింతగా తెలుసు. భర్తతో కలిసి తన ఆప్‌బీతీ రాసి, 1950లో అచ్చు వేయించింది కాబట్టి.

మన నానీలు, దాదీలు రాసి పెట్టలేదు. మనమే అడగాలి. అమ్మీ పేరేమిటి, మైకా ఏ ఊరు, ఖురాన్ ఎవరి దగ్గర చదువుకున్నావు, బడి ఎన్నో తరగతిలో ఆగింది, ఎందుకు ఆగింది? పాత సందూఖ్‌లోని నికానామాలు తీయండి. దుల్హన్ పేరూ, ఆమె అబ్బా పేరూ అందులో దొరుకుతాయి. ఆ పేర్లను షజరాలో ఎక్కించండి. వినేవాళ్లున్నా చెప్పేవాళ్లు ఉండని రోజు రాకముందే ఈ పని కావాలి.