ఒక మిల్లీమీటరు పురుగు, ఒక లైబ్రేరియన్, ఒక పేరు



స్కూల్లో నులిపురుగుల మాత్ర ఇచ్చేవాళ్ళు, చప్పరించి మింగాం, గుర్తుందా? ఆ రోజు నుంచీ మన మైండ్‌లో ఒకటే ఫిక్స్ అయిపోయింది: నులిపురుగు అంటే కడుపులో ఉండే రోగం. కానీ ఆ కుటుంబంలో ఎవరి ఒంట్లోకీ దూరకుండా, మట్టిలో బ్యాక్టీరియా తింటూ తన మానాన తాను బతికేవి బోలెడన్ని ఉన్నాయి. నెమటోడ్లు అంటారు. ఇవాళ్టి కథ అలాంటి ఒక పురుగుది. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, దాన్ని "ఇది కొత్త జాతి" అని కాగితం మీద రాయడం గురించి.

కాగితం మీద రాయడంలో కథేముంది అనుకుంటున్నారా? నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు కొన్ని బగ్ రిపోర్టులు వచ్చేవి. "యాప్ పని చేయట్లేదు" అని ఒక్క లైను, అంతే. ఏ ఫోను? ఏ బటన్ నొక్కితే? ఏమీ ఉండదు. ఆ బగ్ నాకు మళ్ళీ కనపడకపోతే అది ఉన్నట్టా, లేనట్టా? మంచి రిపోర్ట్ అంటే ఏంటి? ముక్కూమొహం తెలియని ఇంకొకడు చదివి, అదే బగ్‌ను మళ్ళీ పట్టుకోగలగాలి. కొత్త జాతి వర్ణన కూడా అచ్చం అంతే.

ఇప్పుడు 1900కి వెళ్దాం. ఊరు అల్జీర్స్. ఎమీల్ మోపా అని ఒకాయన, అక్కడి లైబ్రరీలో ఉద్యోగం. సైన్స్ ఆయనకు జీతమిచ్చే పని కాదు, ఖాళీ టైంలో చేసుకునేది. ఊరి దగ్గర మట్టిలో ఆయనకు ఒక పురుగు దొరికింది. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, ఒళ్ళు గాజులా పారదర్శకం. ర్హాబ్డైటిస్ ఎలెగాన్స్ అని పేరు పెట్టాడు.

పేరు పెట్టి ఊరుకోలేదు. పురుగుల్ని పెంచాడు, బొమ్మలు గీశాడు, కొలతలు తీశాడు, ఎలా పిల్లల్ని కంటున్నాయో గమనించాడు. అక్కడే అసలు విషయం బయటపడింది. ఆడపురుగుల్లా కనిపించేవి నిజానికి ఆడ, మగ రెండు పనులూ చేస్తున్నాయి. ఒకే ఒంట్లో ముందు వీర్యకణాలు, తర్వాత గుడ్లు. జత అక్కర్లేదు. మగవి పుడతాయి కానీ చాలా అరుదు.

దీనివల్ల ఉపయోగం ఏంటి అని అప్పట్లో ఆయన్ని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. రాసింది అలా పత్రికలో ఉండిపోయింది.

దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి. ఫ్రాన్స్‌లో విక్టర్ నిగోన్‌కు బెర్జెరాక్ ఊరి మట్టిలో ఒక పురుగు దొరికింది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగులు పెంచే కంపోస్ట్‌లో ఇంకొకటి. ల్యాబ్‌లలో పెరిగినవి ఇవే, అల్జీర్స్‌వి కావు. మరి రెండూ మోపా చూసిన పురుగే అని ఎలా తెలిసింది? ఆయన రాసిన వర్ణన ఉంది కాబట్టి. ఆ బగ్ రిపోర్ట్ అంత బాగా పని చేసింది.

కానీ ఇక్కడే ఒక ట్విస్ట్. కాలిఫోర్నియాలో మార్గరెట్ బ్రిగ్స్ అనే ఆమె మట్టి నుంచి ఇంకో పురుగును పట్టుకుంది. 1949లో డోహర్టీ, నిగోన్ కలిసి దాన్ని కొత్త జాతిగా వర్ణించి, ఆమె పేరు మీద బ్రిగ్సే అన్నారు. ఇదీ మిల్లీమీటరే, ఇదీ పారదర్శకమే, దీనికీ జత అక్కర్లేదు. కవల పిల్లల్లా ఉంటాయి రెండూ.

1963లో సిడ్నీ బ్రెన్నర్ కేంబ్రిడ్జ్‌లో, ఒక చిన్న జీవిని తీసుకుని దాని ప్రతి కణాన్నీ అర్థం చేసుకుందాం అని ప్రపోజల్ రాశాడు. అందులో రాసిన పేరు బ్రిగ్సే. చివరికి ఆయన ఎంచుకున్నది మాత్రం బ్రిస్టల్ నుంచి వచ్చిన ఎలెగాన్స్. తర్వాత 1970లలో ఇంకో షాక్. కొన్ని ల్యాబ్‌లలో "బ్రిగ్సే" అని లేబుల్ వేసి పెంచుతున్నవి నిజానికి ఎలెగాన్స్ అని తేలింది!

ఒక్కసారి ఆలోచించండి. ప్రయోగం కరెక్ట్, లెక్క కరెక్ట్, డబ్బా మీద పేరు ఒక్కటే తప్పు. ఏళ్ళ తరబడి కష్టపడి రాసింది వేరే జీవి గురించి అయిపోయింది. జాతి వర్ణన చిన్న పని అనేవాళ్ళకు ఇదే నా సమాధానం.

మరి కవలల్ని విడదీసేది ఎలా? చూపుతో అవ్వదు. ఒక జాతి మగపురుగును ఇంకో జాతి పురుగుతో కలుపుతారు. ఎలెగాన్స్, బ్రిగ్సే కలిస్తే పిండాలు బతకవు. అంటే జాతులు వేరు అని వాటి ఒళ్ళే చెబుతోంది. దానికి తోడు ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది.

2014లో ఫ్రాన్స్ పరిశోధకురాలు మరీ-ఆన్ ఫెలిక్స్, ఇంకో ఇద్దరు కలిసి ఈ పద్ధతితోనే ఒకే పేపర్‌లో 15 జాతులకు పేర్లు పెట్టారు. ఇంకో సంగతి కూడా ఆమె లాంటివాళ్ళ వల్లే స్పష్టమైంది. "మట్టి పురుగు" అని వందేళ్ళు అనుకున్న ఎలెగాన్స్ ఎక్కువగా పెరిగేది కుళ్ళుతున్న పండ్లు, కాడల మీద. పాత వర్ణన చెత్త బుట్టలోకి పోలేదు, అప్‌డేట్ అయింది అంతే.

ఇంకో పెద్ద మార్పు ఏంటంటే, ఈ పురుగుల్ని గ్లిజరాల్‌లో పెట్టి గడ్డకట్టిస్తే, ఏళ్ళ తర్వాత కరిగించినా మళ్ళీ కదులుతాయి. మోపా మనకు ఇచ్చింది బొమ్మలు, మాటలు. ఇప్పుడు వర్ణనతో పాటు బతికున్న సాక్ష్యాన్నే ఫ్రీజర్‌లో దాచొచ్చు. డౌట్ వస్తే తెప్పించుకుని చూసుకోవచ్చు.

ఆ లైబ్రేరియన్ పురుగు పేరు ఇప్పుడు సీనోర్హాబ్డైటిస్ ఎలెగాన్స్. పెద్ద పురుగులో 959 శరీర కణాలు (వీర్యకణాలు, గుడ్లు లాంటివి కాకుండా), వాటిలో 302 నాడీకణాలు, ఒక్కొక్కటీ లెక్క తేలింది. 1998లో మొత్తం జీనోమ్ చదివిన మొదటి జంతువు ఇదే. 2002, 2006, 2008, 2024 నోబెల్ బహుమతుల వెనుక ఈ పురుగు ఉంది. మోపా 1916లోనే చనిపోయాడు. ఇదేదీ చూడలేదు.

నెమటోడ్లలో ఇప్పటిదాకా వర్ణించినవి పాతిక వేలకు పైగా. ఇంకా పేరు లేనివి అంతకు చాలా రెట్లు ఉంటాయని అంచనా. కొన్ని మీ పెరట్లో కింద పడి కుళ్ళుతున్న జామకాయలో కూడా ఉండొచ్చు. కాలితో తన్నేసే ముందు ఒక్క క్షణం ఆగండి.

మీరు చేసిన పనుల్లో "ఇది ఎవరు చదువుతారులే" అనుకుంటూనే జాగ్రత్తగా రాసి పెట్టింది ఏదైనా ఉందా? కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.