స్లాబులో ఇనుముకు చోటెక్కడ?

కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. నొక్కినప్పుడు చూపే బలంలో లాగినప్పుడు చూపేది సుమారు పదో వంతే. గోడల మీద ఆనిన స్లాబుపై బరువు పడితే అది నడుమ కాస్త కిందికి వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. పగులు మొదలయ్యేది ఆ అడుగునే. అక్కడి లాగుడును భరించడానికే ఇనుప చువ్వలు. ఈ సంగతి లెక్కతో సహా స్థిరపడటానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

పూలతొట్టి నుంచి అంతస్తుకు

1854లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన పూతపని మేస్త్రి విలియం బౌట్లాండ్ విల్కిన్సన్ ఇనుము పెట్టిన కాంక్రీటు అంతస్తులకు పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో వాడేసిన ఇనుప మోకులను కూడా ఆ పనిలోకి తెచ్చాడు. ఆ పద్ధతి అంతగా వ్యాపించలేదు. ఫ్రాన్సులో తోటపని చేసే జోసెఫ్ మోనియే 1867లో పేటెంటు పొందింది పూలతొట్లకు. మట్టి తొట్లు పగులుతాయి, చెక్క తొట్లు పుచ్చిపోతాయి. ఇనుప వలకు సిమెంటు మెత్తితే రెండు బాధలూ తప్పుతాయి. ఆయన లెక్కలో వల తొట్టి ఆకారాన్ని నిలిపే ఎముకల గూడు, అందుకే మందానికి నడిమధ్య ఉండేది. స్లాబులో ఆ నడిమి చోట ఇనుముకు దాదాపు పనే ఉండదు.

అమెరికాకు చెందిన థాడియస్ హయత్ తన ప్రయోగాల ఫలితాలను 1877లో అచ్చు వేయించాడు. వేడికి ఇనుము, కాంక్రీటు ఇంచుమించు ఒకే తీరున వ్యాకోచిస్తాయని వాటితో తేలింది. అలా కాకుంటే ఎండ కాసినప్పుడల్లా రెండూ ఒకదాన్నొకటి విడిచిపెట్టేవి. 1886లో జర్మన్ ఇంజినీరు మథియాస్ కోనెన్ స్లాబుకు లెక్క కట్టే పద్ధతిని ప్రచురించి, ఇనుము లాగుడు పడే వైపే ఉండాలని చూపాడు. 1892లో ఫ్రాన్సులో ఫ్రాంస్వా హెన్నెబిక్ పేటెంటు పొందిన పద్ధతి దూలాన్నీ స్లాబునూ ఏకశిలగా పోసే దారి వేసింది.

పట్టు, కవచం

చువ్వ కాంక్రీటులో జారితే అది ఎక్కడున్నా వృథాయే. 1884లో ఎర్నెస్ట్ రాన్సమ్ అమెరికాలో నలుపలకల చువ్వను మెలితిప్పి, ఆ మెలికలతో పట్టు పెంచాడు. మన దేశంలో ఒకప్పుడు విరివిగా వాడిన టోర్ స్టీలు కూడా చల్లగా మెలితిప్పిందే. ఇప్పటి టీఎంటీ చువ్వలను మెలితిప్పరు. మిల్లులో ఎర్రగా కాలుతుండగానే నీటితో చల్లార్చి పైపొరను గట్టిపరుస్తారు. వాటి ఒంటి మీది కణుపులే పట్టునిస్తాయి.

సిమెంటులోని క్షారగుణం ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. చువ్వను కప్పిన కాంక్రీటు పొర పలచనైతే తేమ, గాలి లోపలికి చేరతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును లోపలి నుంచి నెట్టేస్తుంది. పాత ఇళ్ల పైకప్పు పెచ్చులు రాలేది చాలాసార్లు ఇందుకే.

సెంట్రింగ్ మీద

మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 తొలిసారి 1953లో వెలువడింది. 2000 నాటి కూర్పు ప్రకారం స్లాబుకు ఏ దిశలోనైనా అధికబలపు చువ్వలు కాంక్రీటు అడ్డుకోత వైశాల్యంలో కనీసం 0.12 శాతం ఉండాలి. ఇంత కొద్ది ఇనుము పని చేయాలంటే తన చోట తాను ఉండి తీరాలి. అందుకే మెయిన్ రాడ్లను గది పొట్టి వైపుగా అడుగున పరుస్తారు. వాటి మీద అడ్డంగా డిస్ట్రిబ్యూషన్ రాడ్లు వేసి, బైండింగ్ వైరుతో ముడులు బిగిస్తారు. కింద పెట్టే కవర్ బ్లాకులు చువ్వలను సెంట్రింగ్ రేకుకు సాధారణంగా 20 మిల్లీమీటర్ల ఎత్తున నిలుపుతాయి.

సజ్జకూ బాల్కనీకీ లెక్క తలకిందులవుతుంది. ఒక్క వైపే ఆధారం ఉంటుంది కాబట్టి అవి కొస దగ్గర కిందికి వంగుతాయి, లాగుడు పైభాగాన పడుతుంది. చువ్వలు పైనే ఉండాలి. మాలు పోసేటప్పుడు వాటిని తొక్కితే అడుగుకు దిగిపోతాయి, ఇనుమంతా లోపలే ఉన్నా సజ్జ విరిగిపడవచ్చు. వాటి కింద ఇనుప కుర్చీలు పెట్టేది అలా దిగిపోకుండా ఉండటానికే.