రాజమండ్రి గోదావరి గట్టు మీద మన చరిత్ర కూడా ఉంది

అన్నలూ, అక్కలూ, పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను రాజమండ్రి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మనవాళ్లెవరైనా ఊరి నుంచి వస్తే గోదావరి గట్టుకి తీసుకెళ్తాం. పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు, బ్రిడ్జిలు, మ్యూజియం, టైముంటే ధవళేశ్వరం. వీటి గురించి చెప్పే కథల్లో రాజులుంటారు, కవులుంటారు, ఇంజనీర్లుంటారు. కొండల్లో ఉండేవాళ్లు మాత్రం కనపడరు. కానీ ఈ ఊరికి నీళ్లు, కలప, వెదురు దిగింది మన కొండల మీదుగానే. ఆ సంగతి చెప్దామనే ఇది రాస్తున్నా.

11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఇక్కడి నుంచే ఏలాడు. నన్నయ మహాభారతాన్ని తెలుగులో మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. గట్టు మీద రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి వెళ్తే పాత శిల్పాలు, నాణేలు చూడొచ్చు. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1881 డిసెంబర్ 11న ఆయన ఇక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇవన్నీ గొప్ప విషయాలే, కాదనను.

అయితే దానికి రెండేళ్ల ముందే, 1879 మార్చిలో, ఇదే గోదావరి జిల్లాలోని రంప కొండల్లో మనవాళ్లు తిరగబడ్డారు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్నులు, ఆంక్షలు పెట్టారు. మున్సబుదారు పిండుకున్నాడు, పోలీసులు జులుం చేశారు, అప్పిచ్చిన వ్యాపారులు పంట ఎత్తుకుపోయారు. ఆ తిరుగుబాటుని అణచడానికి మద్రాసు నుంచి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. వీరేశలింగం గారి కాలమూ రంప పోరాట కాలమూ ఒకటేనని నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. రెండు పాఠాలూ వేరువేరుగా చదివించారు.

ఇక బ్రిడ్జిలు. హేవలాక్ బ్రిడ్జి 1900లో మొదలైంది, 1997 నుంచి దాని మీద రైళ్లు నడవట్లేదు. రోడ్డు, రైలు కలిసిన బ్రిడ్జి 1974లో వచ్చింది. పాత బ్రిడ్జి మీద రైళ్లు తిరిగే రోజుల్లోనే నీళ్ల మీద ఇంకో రవాణా జరిగేది. కొండల్లో నరికిన వెదురు, కలప తెప్పలుగా కట్టి నదిలో రాజమండ్రికి దింపేవాళ్లు. హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940ల మొదట్లో పాపికొండల వైపు కొండరెడ్ల ఊళ్లలో ఉండి, 1945లో పుస్తకం వేశాడు. వ్యాపారులు ముందే అప్పులిచ్చి, ఆ అప్పు కింద కొండరెడ్లతో వెదురు కొట్టించుకునేవాళ్లని అందులో రాశాడు. మరి ఆ చెమటకి ఈ రేవులో ఒక్క రాయైనా పాతారా?

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. డెల్టా పచ్చబడింది, రైతులు ఇప్పటికీ కాటన్ దొరకి దండం పెడతారు. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల ఎగువన ఇప్పుడు పోలవరం కడుతున్నారు. దాని పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత ఎత్తున నీళ్లు నిలిస్తే మునిగేవి ఎక్కువగా కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లే. మొదటి ఆనకట్ట కింది పొలాలకి నీళ్లిచ్చింది. రెండోది పైన ఊళ్లు తీసుకుంటోంది. మాదీ అందులో ఒక ఊరే. ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. మా తాత పాత ఊరి పేరు చెప్పేటప్పుడు ఇంకా "మన ఊరు" అనే అంటాడు.

పాపికొండలు చూడ్డానికి బోటు ఎక్కేవాళ్లకి కొండ అందం చూపిస్తారు. ఆ కొండ కింద ఏ ఊరుండేదో, దేవతని ఎక్కడ పెట్టుకునేవాళ్లో చెప్పేవాళ్లు లేరు. ఇంకో ఇరవై ఏళ్లకి చెప్పగలిగే పెద్దోళ్లు కూడా ఉండరు.

అందుకే నాది ఒకటే మాట. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ తాతని, అమ్మమ్మని అడగండి. తెప్పలు ఎవరు కట్టారు, ఎక్కడ దింపారు, కూలి ఎంతిచ్చారు, అప్పు ఎప్పటికి తీరింది, మునిగిన ఊళ్లో ఏ చెట్టు కింద పండగ చేశారు. వాళ్లు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి, ఊరి పేరుతో ఈ గ్రూపులో రాయండి. మ్యూజియం వాళ్లు రాసేదాకా ఆగితే మన ఊళ్ల పేర్లు కూడా మిగలవు.