గోడను గాయపఱుపక బలమెఱుఁగుట



కుండను కొనువారు దానిని వ్రేలితో మ్రోగించి, నాదమునుబట్టి మంచిచెడ్డలు నిర్ణయింతురు. పగులఁగొట్టి చూచినచో పరీక్షయు ముగియును, కుండయు ముగియును. కాంక్రీటు కట్టడముల విషయమున ఇంజనీర్లకు చిరకాలము ఈ చిక్కే యుండెను. కట్టునాఁడు పోసిన అచ్చుదిమ్మలను యంత్రమున నలిపి బలము కనుఁగొనుచుండిరి. నిలిచియున్న కట్టడమైనచో దాని దేహమునుండి ముక్కను తొలిచి తీయవలసి వచ్చుచుండెను.

1948లో స్విట్జర్లాండు ఇంజనీరు ఎర్నెస్టు ష్మిట్టు ఒక సుత్తిని కల్పించెను. అందలి స్ప్రింగుచే నడుచు ఇనుపబరువు, కాంక్రీటునకు ఆనించిన ములుకును కొట్టి వెనుకకు ఎగయును. ఎంత యెక్కువ యెగసిన పైతలము అంత గట్టిదని యర్థము. మఱుసటి యేఁడు, 1949లో, కెనడాయందు లెస్లీ, చీజ్‌మన్ అనువారు చెవికందని ధ్వనిని కాంక్రీటుగుండ పంపి, అది దాటు కాలమును కొలిచి, లోపలి బీటలను గుర్తించు మార్గమును ప్రకటించిరి. నిండైన కాంక్రీటున ధ్వని వడిగా సాగును. బీటయో బోలో అడ్డమైనచో చుట్టి పోవలసి వచ్చి ఆలసించును. 1992లో వెలువడిన భారతీయ ప్రమాణము, సెకనుకు 4.5 కిలోమీటర్లకు మించిన వేగమును శ్రేష్ఠమనియు, 3 కిలోమీటర్లకు తగ్గినదానిని సందేహాస్పదమనియు నిర్ణయించెను.

ఇవి యన్నియు తార్కికులు చెప్పు అనుమానమువంటివి: పొగను చూచి నిప్పు నూహించుట. అయితే ఇందు హేత్వాభాసము, అనఁగా హేతువువలె కనఁబడి మోసపుచ్చునది, పొంచియుండును. పాతకాంక్రీటు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి పైతలమున గట్టిపడును; సుత్తి చక్కఁగా ఎగయును. ఆ మార్పే లోపలి ఇనుపకమ్ములదాఁక చేరినచో, వానికి తుప్పునుండి గల రక్షణ తొలఁగిపోవును. పైన వజ్రము, లోన తుప్పు! సుత్తినిబట్టి చెప్పు బలము నూటికి 25 వంతులవఱకు అటునిటు కావచ్చునని ఆ ప్రమాణమే హెచ్చరించెను. అందుచే సుత్తియు ధ్వనియు రెండును ప్రయోగించి, అప్పటికిని సందేహము తీరనిచోటనే ముక్కను తీసి నలుపుట ఉచితము.

మన గ్రామములందలి బడులు, నీటిట్యాంకులు పెక్కు కాంక్రీటువే. క్రొత్తసున్నము చూచి కప్పు క్షేమమనుటయు, సన్నని పగులు చూచి పడఁగొట్టుఁడనుటయు సమానమైన తొందరపాట్లే. మొదటిది బిడ్డల ప్రాణములకు ముప్పు. రెండవది ఊరిసొమ్మునకు నష్టము. పొలముగట్టు తగవున మీరు ఒక్క సాక్షిమాటపై తీర్పుచెప్పరు గదా! బిడ్డలు కూర్చుండు కప్పు విషయమునను ఆ న్యాయమునే పాటింపుఁడు.