పసివారి శస్త్రచికిత్స: జహ్రావీ నుండి సాబుంజూ ఓగ్లూ వరకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో మన ఇండ్లలో మగబిడ్డ సున్తీ అంటే పండుగే. బంధువులు వస్తారు, బిడ్డకు కొత్త బట్టలు తొడుగుతారు. ఆ సందడిలో ఒక్క ప్రశ్న మాత్రం తరచుగా మరుగున పడుతుంది: ఈ బిడ్డకు సున్తీ ఇప్పుడు చేయదగునా? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలియాలంటే, పసివారి మూత్రావయవ వ్యాధులకు గ్రంథాలలో ప్రత్యేక స్థానమిచ్చిన ముస్లిం శస్త్రవైద్యుల చరిత్ర ఒకసారి చూడాలి.

అబుల్ ఖాసిం జహ్రావీ అందలూసియాలో, కార్డోవా సమీపాన గల మదీనతుజ్జహ్రాకు చెందినవారు. దాదాపు 936లో జన్మించి, 1013 ప్రాంతంలో, అనగా హిజ్రీ 404లో పరమపదించారు. ఆయన రచించిన 'అత్తస్రీఫ్' ముప్ఫై భాగాల మహాగ్రంథం. చివరి భాగం పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించబడింది. అందులో సుమారు 200 పరికరాల చిత్రాలున్నాయి. పన్నెండవ శతాబ్దంలో టొలెడోలో జెరార్డ్ దానిని లాటిన్‌లోకి అనువదించగా, యూరప్ వైద్యులు శతాబ్దాల తరబడి చదువుకున్నారు.

మూత్రరంధ్రం మూసుకుని గాని, చాలా సన్నగా గాని పుట్టిన శిశువుకు సన్నని కత్తితో దారి చేసి, అది మళ్ళీ పూడిపోకుండా సీసపు సన్నపుల్లను కొద్దిరోజులు ఉంచాలని ఆయన వ్రాశారు. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని తొలిచేందుకు 'మిష్అబ్' అనే సన్నని బరమా వాడారు; రాయి వెనక్కు జారకుండా దాని వెనుక దారం కట్టమన్నారు. సున్తీ గురించి ప్రాచీనుల గ్రంథాలలో ఏమీ లేదనీ, తాను అనుభవంతోనే నేర్చుకున్నాననీ చెప్పారు. కత్తెర బిడ్డ కంట పడకుండా దాచమన్నారు. పసివాని భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న వైద్యుడాయన! పీఠికలో మాత్రం కఠినంగా హెచ్చరించారు. శాస్త్రం తెలియని ఒక వైద్యుడు వృద్ధుని మూత్రాశయం నుండి రాయి తీయబోయి, దానితో పాటు మూత్రాశయపు ముక్కను కూడా లాగివేశాడట. రోగి మూడు రోజులకే మరణించాడు.

నాలుగున్నర శతాబ్దాల తరువాత అనతోలియాలోని అమాస్యా నగరంలో షరఫుద్దీన్ సాబుంజూ ఓగ్లూ అనే వైద్యుడు ఈ విద్యను ముందుకు నడిపారు. 1308లో కట్టిన అక్కడి దారుష్షిఫాలో పనిచేసి, ఎనభై ఏండ్ల వయసులో, 1465లో, 'జర్రాహియ్యతుల్ ఖానియ్య' రచించారు. జహ్రావీ గ్రంథాన్ని ఆధారం చేసుకుని, స్వానుభవాన్ని జోడించి, శస్త్రచికిత్సా విధానాలను రంగుల చిత్రాలతో చూపారు. పసివారి మూత్రావయవ లోపాలకూ అందులో చోటున్నది. దానిని అరబీలో గాక తురకీలో వ్రాశారు. కత్తి పట్టేవారికి అర్థంకాని భాషలో ఉన్న విద్య వలన రోగికి ఏమి లాభం? అనువాదమే వృత్తిగా గల నాకు ఆయన జీవితంలో ఇదే గొప్ప పాఠం.

ఆ పాఠాన్ని మన ఊళ్ళకు అన్వయించుకుందాం. కొందరు బిడ్డలలో మూత్రరంధ్రం చివరన గాక కింది వైపున ఉంటుంది. దీనిని హైపోస్పేడియాస్ అంటారు. ముందుచర్మం కింది వైపున లేక, పైన ముసుగువలె ఉంటుంది. చూసినవారు పుట్టుకతోనే సున్తీ అయిందని భ్రమపడవచ్చు. తురకీ దేశంలో దీనిని ప్రవక్తగారి సున్తీ అని చెప్పుకునేవారున్నారు. కాని అది చికిత్స అవసరమైన లోపం కావచ్చు. ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషనుకు ఆ చర్మమే అవసరపడవచ్చు. కనుక ముందే సున్తీ చేస్తే, బాగుచేయడానికి కావలసిన చర్మాన్ని మన చేతులతో మనమే పారవేసినట్లవుతుంది. సాధారణంగా ఈ చికిత్స ఆరు నుండి పద్దెనిమిది నెలల వయసులో జరుగుతుంది.

ధర్మం ఇందుకు అడ్డు రాదు. సున్తీ హనఫీల దృష్టిలో సున్నత్, షాఫియీల దృష్టిలో వాజిబ్. అయినా బిడ్డకు హాని కలుగుతుందన్న భయమున్నప్పుడు వాయిదా వేయాలని ఫుఖహా చెప్పారు. కాబట్టి సున్తీకి ముహూర్తం పెట్టే ముందు బిడ్డను పిల్లల వైద్యునికి చూపించండి. లోపం కనిపిస్తే పిల్లల శస్త్రవైద్యుని వద్దకు తీసుకుపోండి. విందు కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు.