విమానానికీ విరేచనానికీ ఒకటే నూనె

మొదటి ప్రపంచ యుద్ధంలో సాప్‌విత్ కామెల్ విమానాల ఇంజన్లకు కందెనగా పోసింది ఆముదం. ఆ రోటరీ ఇంజను సిలిండర్లతో సహా గిర్రున తిరిగేది. పోసిన నూనె మళ్ళీ వాడుకోవడానికి ఉండేది కాదు, కాలీ కాలక పొగతో పాటు బయటికి చిమ్మేది. ఆ తుంపర మింగిన పైలట్లకు విరేచనాలయ్యేవని చెప్పుకునేవారు. మన ఇళ్ళలో పసిపిల్లలకు పట్టించిందీ ఈ నూనే. రెండు పనులూ దానికే అబ్బడం కాకతాళీయం కాదు. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దాని 18 కార్బన్ల గొలుసులో 12వ కార్బన్‌కు ఒక హైడ్రాక్సిల్ గుంపు అంటుకుని ఉంటుంది. దానివల్లే అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని నూనె చిక్కబడుతుంది, పెట్రోలులో సులువుగా కరగదు. ఇంజనుకు కావలసింది అదే. కడుపులోకి వెళ్తే ఆ ఆమ్లం విడివడి, పేగు కండరాల మీది ఈపీ3 గ్రాహకాన్ని తట్టి లేపుతుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. గర్భాశయ కండరాల మీదా ఆ గ్రాహకం ఉంది. కాన్పు నొప్పులకు ఆముదం తాగించడానికీ, నెలలు నిండని గర్భిణికి వద్దనడానికీ కారణం ఒక్కటే.

ఈ మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఇథియోపియా వైపు అడవి ఆముదం ఏళ్ళ తరబడి బతికే చెట్టు. క్రీస్తుపూర్వం 1550 నాటి ఈజిప్టు వైద్యపత్రం ఈబర్స్ పపైరస్‌లో దాని ప్రస్తావన ఉంది. మన చరక, సుశ్రుత సంహితలకు అది వాతహరం. అక్కణ్ణుంచి వందల ఏళ్ళు దాటి నిజాం కాలానికి వస్తే, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్ర చెల్కలు ఆముదానికి పెట్టింది పేరు. తల్లివేరు లోతుకు దిగుతుంది, మేక ముట్టదు, వాన ముఖం చాటేసినా నాలుగు గెలలు చేతికొస్తాయి. నకిరేకల్ లాంటి మెట్ట ప్రాంతపు రైతుకు ఇంతకన్నా నమ్మకమైన పంట ఏముంటుంది?

అయినా ఆ కాలపు అసలు గొప్పతనం పొలంలో కన్నా పొయ్యి మీద కనిపిస్తుంది. గింజలు వేయించి, దంచి, ఆ ముద్దను నీళ్ళలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి, చెమ్మ పోయేదాకా మళ్ళీ కాచేవారు. అదే వంటాముదం. గింజలో రిసిన్ అనే ప్రాణాంతక విషం ఉందని 1888లో స్టిల్‌మార్క్ కనిపెట్టాడు. అది ప్రోటీను, కాచితే చెడిపోతుంది. మరి గానుగ ఆడినా విషం చెక్కలోనే ఉండిపోతుంది కదా, ఇంత కాచడం ఎందుకని అడగవచ్చు. నిజమే, రిసిన్ నూనెలో కరగదు. కానీ ఇంట్లో పిండీ నూనే ఒకే గిన్నెలో ఉడుకుతాయి. పొరపాటున నలుసు కలిసినా ప్రమాదం లేకుండా చేసేది ఆ మంటే. విషం పేరు తెలియకుండానే దాని విరుగుడును వంట పద్ధతిలో ఇమిడ్చారు.

తర్వాత పొలంలోనూ మార్పులొచ్చాయి. తొమ్మిది నెలల పంటను నాలుగైదు నెలలకు కుదించిన ‘అరుణ’ అనే ఆముదం రకం వచ్చింది. పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత రకాలిచ్చింది. అయినా నీటి వసతీ హైబ్రిడ్లూ ఉన్న గుజరాత్ ముందుకెళ్ళింది. ఇక్కడి చెల్కల్లో పత్తి, బత్తాయి, నిమ్మ లేచాయి. ఇందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు, గిట్టుబాటు చూసుకున్నాడు. సీసాలో శుద్ధి చేసిన ఆముదం దొరుకుతుంటే పాత పొయ్యి కోసం బెంగ దేనికని మరో వాదన. శుద్ధిలో, మోతాదులో సీసాదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ విత్తనం పరిశోధన స్థానంలో భద్రంగా ఉంది, ఎంత వేయించాలో ఎంతసేపు కాచాలో చేతి అలవాటులోనే ఉంది. విత్తనంతో సమానంగా ఆ పద్ధతినీ ప్రయోగశాలలో కొలిచి నమోదు చేయాలి. పంటను మళ్ళీ వేసుకోవచ్చు. వండే చేతులు పోయాక ఆ కొలతలు చెప్పేవారుండరు.