విద్యారుణం.. సీటు ఎంపికతోనే తేలే అర్హత
* రూ.4 లక్షల వరకు ఆస్తి హామీ అవసరం లేదు
* యాజమాన్య కోటాలో చేరితే ‘పీఎం విద్యాలక్ష్మి’ వర్తించదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: ఇంటర్ ఫలితాలు వెలువడి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సమీపించే వేళకు తల్లిదండ్రులకు ఫీజుల బెంగ మొదలవుతుంది. జమ్మలమడుగు ప్రాంత చేనేత కార్మికులు, పులివెందుల అరటి, చీనీ తోటల రైతులు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పనిచేసే గుమాస్తాలు.. ఎవరికైనా ఈ బెంగ తప్పదు. బ్యాంకుకు వెళితే పొలం పత్రాలు అడుగుతారన్న భయంతో కొందరు నేరుగా వడ్డీ వ్యాపారుల గడప తొక్కుతారు.

నూటికి నెలకు రూ.2 వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రూ.4 లక్షల అప్పుపై ఏడాదికి రూ.96 వేలు వడ్డీకే పోతుంది. అదే మొత్తాన్ని బ్యాంకు 10 శాతం వడ్డీకి ఇచ్చిందనుకుంటే రూ.40 వేలే అవుతుంది. అందులోనూ చదువు ముగిసే వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. అయితే ఈ వెసులుబాట్లలో ఏవి దక్కుతాయన్నది చాలావరకు విద్యార్థి ఎంచుకున్న కళాశాల, సీటు కోటాను బట్టి తేలుతుంది.

మూడు మెట్ల పరిమితి

భారతీయ బ్యాంకుల సంఘం (ఐబీఏ) రూపొందించిన నమూనా విద్యారుణ పథకం 2001లో అమల్లోకి వచ్చింది. మొదట్లో దేశంలో చదువుకు రూ.7.5 లక్షలు, విదేశీ చదువుకు రూ.15 లక్షలుగా ఉన్న పరిమితిని తర్వాత రూ.10 లక్షలు, రూ.20 లక్షలకు పెంచారు. అంతకు మించి ఇవ్వడం ఆయా బ్యాంకుల నిర్ణయం.

రూ.4 లక్షల లోపు రుణానికి ఆస్తి తాకట్టు గానీ, బయటివారి పూచీ గానీ, సొంత వాటా గానీ అవసరం లేదు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. రూ.4 లక్షలు దాటితే ఖర్చులో కొంత కుటుంబం భరించాలి. దేశంలో చదువుకు 5 శాతం, విదేశాలకు 15 శాతం ఈ వాటాగా నిర్ణయించారు. ఉపకార వేతనాన్ని కూడా ఇందులో లెక్కిస్తారు.

రూ.4 లక్షల నుంచి రూ.7.5 లక్షల వరకు గతంలో మూడో వ్యక్తి పూచీ అడిగేవారు. 2015లో కేంద్రం విద్యారుణాలకు హామీ నిధిని ఏర్పాటు చేసింది. దీని పరిధిలో ఇచ్చే రుణం ఎగవేతకు గురైతే 75 శాతం వరకు నిధి భరిస్తుంది. అందువల్ల రూ.7.5 లక్షల వరకు పూచీ, తాకట్టు లేకుండానే రుణం పొందే వీలు కలిగింది.

ఆపై మొత్తానికి స్థిరాస్తి హామీ కావాలి. ఇక్కడే గ్రామీణ కుటుంబాలకు చిక్కు వస్తోంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు లేదు. దాంతో పొలం కంటే పట్టణంలోని ఇల్లు, స్థలం, డిపాజిట్లకే అవి మొగ్గు చూపుతాయి. పదెకరాల తోట ఉన్నా పెద్ద రుణం దొరక్కపోవడానికి ఇదో కారణం.

కోటాను బట్టి లెక్క

ప్రతిభ లేదా ప్రవేశ పరీక్ష ద్వారా సీటు పొందినవారికే ఐబీఏ పథకంలో ప్రాధాన్యం. యాజమాన్య కోటాలో చేరినవారికి రుణం ఇవ్వడం బ్యాంకు విచక్షణ. ఇచ్చినా, ప్రభుత్వం లేదా నియంత్రణ సంస్థ ఆమోదించిన ఫీజునే లెక్కలోకి తీసుకుంటారు. రసీదు లేకుండా కట్టే డొనేషన్‌కు రుణం రాదు. ఆ భారమంతా కుటుంబానిదే.

2008లో మొదలైన బోధన రుసుముల చెల్లింపు పథకం కన్వీనర్ కోటా విద్యార్థులకు అండగా నిలిచింది. ఫీజులో ప్రభుత్వం చెల్లించే భాగాన్ని మినహాయించి మిగతా ఖర్చుకే బ్యాంకు రుణం ఇస్తుంది. వసతిగృహం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, కంప్యూటర్ ఖర్చు కూడా రుణంలో చేర్చవచ్చు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల వంటి ప్రభుత్వ సంస్థల్లో సీటు వస్తే చిన్న రుణంతోనే గట్టెక్కవచ్చు.

వడ్డీ రాయితీ ఎవరికి?

కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవారికి చదువు కాలం, ఆపై ఏడాది పాటు పడే వడ్డీని కేంద్రమే చెల్లిస్తుంది. 2009-10లో ప్రారంభమైన ఈ పథకానికి కళాశాల లేదా కోర్సుకు నిర్దేశిత గుర్తింపు ఉండాలి. న్యాక్, ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో ఆప్షన్లు పెట్టకముందే చూసుకోవాలి. మధ్యలో చదువు మానేస్తే రాయితీ పోతుంది.

ఏడాదికి రూ.లక్ష చొప్పున నాలుగేళ్లు రుణం తీసుకుంటే 10 శాతం సాధారణ వడ్డీ మొదటి ఏడాది రూ.10 వేలు, రెండో ఏడాది రూ.20 వేలు, మూడో ఏడాది రూ.30 వేలు, నాలుగో ఏడాది రూ.40 వేలు, విరామ ఏడాదిలో మరో రూ.40 వేలు అవుతుంది. మొత్తం రూ.1.40 లక్షలు. రాయితీ దక్కిన కుటుంబానికి మిగిలేది ఈ మొత్తమే.

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ‘పీఎం విద్యాలక్ష్మి’ని ఆమోదించింది. 860 మేటి విద్యాసంస్థలతో దీనిని మొదలుపెట్టారు. ఈ సంస్థల్లో ప్రతిభతో సీటు పొందినవారికి తాకట్టు, పూచీ లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే రూ.10 లక్షల వరకు రుణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. ఇది ఏటా లక్ష మందికే పరిమితం. ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం గానీ, వడ్డీ రాయితీ గానీ పొందేవారు దీనికి అర్హులు కారు.

తిరస్కరిస్తే..

శాఖలో దరఖాస్తును నోటిమాటగా తోసిపుచ్చడం కుదరదు. తిరస్కరణకు పై అధికారి సమ్మతి ఉండాలి. మీ ఊరు మా శాఖ పరిధిలోకి రాదన్న కారణంతో విద్యారుణం నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2012 నవంబరులోనే ఆదేశించింది. దరఖాస్తుకు రసీదు, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదుపై 30 రోజుల్లో స్పందన లేకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరులో సంప్రదించవచ్చు.

తీర్చే తీరు

చదువు ముగిసిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. గరిష్ఠంగా 15 ఏళ్ల గడువు ఉంటుంది. చదివే కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోతే కొన్ని బ్యాంకులు 1 శాతం వరకు తగ్గిస్తాయి. వాయిదాలు తప్పితే ఆ మచ్చ విద్యార్థితోపాటు సంతకం చేసిన తల్లి లేదా తండ్రి రుణ చరిత్రపైనా పడుతుంది. రేపటి పంట రుణానికీ అదే అడ్డవుతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి: పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ర్యాంకు కార్డు, సీటు కేటాయింపు పత్రం, కళాశాల ఇచ్చిన ఏడాదివారీ ఖర్చు పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, విద్యార్థి, తల్లి లేదా తండ్రి ఆధార్, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం.